కిటికీ ఎటువైపు

సియెనా, సాంత ఎలిసబెత్తా మఠం
1427 అక్టోబరు, సెయింట్ లూకా పండుగ మర్నాడు

తమ్ముడు మేయోకి అక్క పియెరా దీవెనలు.

పని మనకే వచ్చింది. ముందు ఆ మాట చదువుకుని కాస్త కూర్చో, మిగతాది తర్వాత చదువుదువుగాని.

మా గుడి పెద్ద బలిపీఠానికి కొత్త బొమ్మ కావాలి. మరియ తల్లి కొండలెక్కి తన చుట్టం ఎలిసబెత్తును చూడబోయిన ఘట్టం. గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఉండాలి, అంతే. మా మఠం పెద్దమ్మగారు నిక్కొలోజా దీన్ని చిన్నాన్న తూరాకే ఇవ్వాలనుకున్నారు. "మీ నాన్న పోయాక బొమ్మలేసే కొట్టు ఇప్పుడు ఆయనదేగా. నీ తమ్ముడు ఫ్లోరెన్స్ నీళ్ళు తాగాడు. వాడి చేతిలో మరియ తల్లి బట్టలుతికే మనిషిలా ఉంటుందట" అన్నారు. "బట్టలు ఉతక్కుండా ఎలా గడిచిందమ్మగారూ, పసిపిల్లాడున్న ఇల్లు" అన్నాను. నవ్వు ఆపుకోవడానికి ఆవిడ చాలా కష్టపడ్డారు. ఆ పూటే సగం గెలిచాను. మిగతా సగానికి నెలంతా వెంటపడ్డాను.

షరతు ఒక్కటే. వచ్చే జూలైలో ఆ ఇద్దరి కలయిక పండుగనాటికి బొమ్మ బలిపీఠం మీద నిలబడాలి. ఊరు ఒప్పుకుంటే ఉంటుంది. లేకపోతే చిన్నాన్న దాన్ని గీకేసి తన బొమ్మ వేసుకుంటాడు. అప్పుడు సియెనాలో నీకు ఇంకెవరూ పని ఇవ్వరు. నిన్ను ఈ ఊరికి రప్పించుకోవడానికి నా దగ్గర ఇంకో దారీ లేదు. అందుకని ఇది నిలబడి తీరాలి.

బొమ్మకు చెక్కపలకను కట్టెలు తెచ్చే గాడిదలవాళ్ళతో పంపుతున్నాను. నాన్న చెప్పినట్టే రెండు వైపులా సుద్ద పూశాను, చెక్క వంకర తిరగకుండా. ముందువైపు బంగారం పట్టుకోవడానికి ఎర్రమట్టి పెట్టి, బంగారు రేకు పరిచి, కుక్కపన్నుతో రుద్ది మెరుగు పెట్టాను. భుజం ఇంకా నొప్పిగానే ఉంది. నువ్వు మనుషుల్ని వేసెయ్యడమే తరువాయి.

ఒళ్ళు జాగ్రత్త. ఫ్లోరెన్స్‌వాళ్ళ ఉప్పులేని రొట్టెకు అలవాటు పడకు.

నీ అక్క.


ఫ్లోరెన్స్, నవంబరు, సెయింట్ మార్టిన్ పండుగ

అక్కా,

ఉత్తరం చదివి కూర్చోలేదు, గంతులేశాను. నీ పలక విప్పితే మా కొట్టులో అందరూ చేతులు వెనక్కి కట్టుకున్నారు, తాకితే ఎక్కడ మాసిపోతుందోనని. ఇంత నున్నటి బంగారం ఈ ఊళ్ళో ఎవరూ చెయ్యరు.

కానీ అక్కా, నువ్వు కోప్పడకుండా వినాలి. నేను వెయ్యబోయే బొమ్మలో బంగారానికి చోటు లేదు. ఆ ఇద్దరూ ఒక గుమ్మంలో కలుసుకున్నారు. గుమ్మం అన్నాక దాని వెనక ఇల్లుంటుంది, ఇంటి వెనక కొండ ఉంటుంది, కొండమీద పొద్దు ఉంటుంది. బంగారం పెడితే వాళ్ళు ఎక్కడా నిలబడనట్టే.

నదికి అవతల ఒక గుళ్ళో కొత్తగా గోడమీద బొమ్మలు వేశారు. అందులో మనుషుల నీడలు ఆ గుడి కిటికీ ఎటుందో దాన్నిబట్టే పడుతున్నాయి. కిటికీలోంచి వచ్చే వెలుగే బొమ్మలోకీ వెళ్ళినట్టు! నేను వెలుతురుకు అడ్డంగా చెయ్యి పెట్టి చూశాను, గోడమీది ముసలాయన నీడ కదులుతుందేమోనని. పక్కన జపం చేసుకుంటున్న అవ్వ "ఓరి పిచ్చాడా, తప్పుకో, ఆయన మొహం కనపడనీ" అంది. ఆయన మొహం అంది అక్కా. బొమ్మ అనలేదు.

నాకు మీ గుడి కిటికీ కావాలి. నిన్ను మఠంలో చేర్చిననాడు నేను అమ్మ చంకలో ఉన్నాను. తర్వాత ఎప్పుడొచ్చినా వాకిట్లో మాట్లాడే గది దాటి లోపలికి రాలేదు. బలిపీఠం దగ్గర కిటికీ ఎటుంది, ఎంత ఎత్తుంది, ఒక బొమ్మ గీసి పంపు.

మేయో.


సియెనా, క్రిస్మస్ దాటాక

మేయో,

నీ ఉత్తరం చదివి మూసేశాను. మళ్ళీ తెరిచాను, మళ్ళీ మూశాను. వంటగదిలో నాతో పనిచేసే సిస్టర్ బీచే "అందులో నిప్పుందా ఏంటమ్మా?" అంది. "మా తమ్ముడున్నాడు" అన్నాను.

బంగారం పెడితే వాళ్ళు ఎక్కడా నిలబడనట్టే అన్నావు. ఎక్కడా నిలబడకపోవడమే కదరా వాళ్ళ గొప్ప? మన కొండలు, మన ఇళ్ళు మనకున్నాయి. గుడికి వచ్చేది వాటిని చూడడానికా? దీపాలు వెలిగించినప్పుడు నాన్న బంగారం ఊపిరి పీలుస్తున్నట్టు కదిలేది. దాన్ని వదిలేసి నువ్వు పొద్దు బొమ్మ వేస్తావా? పొద్దు రోజూ ఊరికే పొడుస్తుంది.

ఇలా రాశాక నాకే అనుమానం. నేను దేన్ని వెనకేసుకొస్తున్నాను, దేవుణ్ణా, నా భుజం నొప్పినా? తెలియడం లేదు. తెలియనప్పుడు అడ్డుపడకూడదని మాత్రం తెలుసు. అందుకే అడిగింది పంపుతున్నాను.

ఇదిగో గుడి. ప్రార్థనవేళ నా పీటమీద కూర్చునే గీశాను, వేళ్ళు కొంకర్లుపోతుంటే. మధ్యలో బలిపీఠం, ఎడమ గోడకు కిటికీ. అడుగు భాగం మనిషి తలకంటే ఎత్తు. పొద్దున పాటవేళ వెలుగు ఏటవాలుగా వచ్చి బలిపీఠం మీద పడుతుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నదే, కళ్ళు మూసుకున్నా గీయగలను.

కానీ బంగారం గురించి ఇంకోసారి ఆలోచించు. కనీసం తలల వెనక వలయాలైనా ఉంచు.

మిరియాల రొట్టె పంపుతున్నాను. బీచే చేసింది, అందుకే గట్టిగా ఉంది. పాలలో నానబెట్టుకో.

అక్క.


ఫ్లోరెన్స్, ఫిబ్రవరి, ఉపవాస దినాలకు వారం ముందు

అక్కా,

గీకేశాను.

ఈ మాట ఎలా రాయాలో తెలియక ముందే రాసేస్తున్నాను. నీ బంగారమంతా ఎర్రమట్టితో సహా గీకి, మళ్ళీ సుద్ద పూశాను. వెనకవైపు ముట్టుకోలేదు. గీకుతున్నంతసేపూ నీ భుజమే గుర్తొచ్చింది. పొడి ఒక్క రేణువు పారెయ్యకుండా కాగితంలో మడిచి ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

వలయాలు ఉంచమన్నావు. ఉంచాను, కానీ గుండ్రంగా ఉండవు. బీచే గారి తల వెనక ఒక పళ్ళెం పట్టుకుని, ఆవిణ్ణి తల తిప్పమను. పళ్ళెం ఎలా కనిపిస్తుందో చూడు. ఇక్కడ మేము నేర్చుకునేది ఇదొక్కటే అక్కా. వస్తువు ఎలా ఉందన్నది కాదు, చూసే మనిషి ఎక్కడ నిలబడి చూస్తున్నాడన్నది. ఆ చోటు తేలితే నేల, గోడ, నీడ అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.

నీ కిటికీ ఎడమవైపుంది కాబట్టి మరియ తల్లిని ఎడమవైపునుంచి నడిపించుకొస్తున్నాను, వెలుగుతో పాటు. ఎలిసబెత్తు గుమ్మం నీడలోనుంచి చెయ్యి చాస్తుంది. ఆ చెయ్యి ఒక్కటే ముందుగా వెలుగులోకి వస్తుంది.

తిట్టు. కానీ రాయి.

మేయో.


ఫ్లోరెన్స్, మార్చి నెలాఖరు

అక్కా,

జవాబు లేదు. గాడిదలవాళ్ళు మూడుసార్లు వచ్చి వెళ్ళారు. నేను గీకింది నీ బంగారం కాదు, నాన్ననే అనుకుంటున్నావేమో. అలా అనుకుంటే అనుకో. నేను బొమ్మ ఆపలేదు, ఆపను. నువ్వు జీవితాంతం మాట్లాడకపోయినా ఈ బొమ్మ మీ బలిపీఠం మీదికే వస్తుంది.

కానీ మాట్లాడు.

మేయో.


సియెనా, ఈస్టర్ మర్నాడు, 1428

ఓరి మొద్దూ,

ఈస్టర్‌కు ముందు నలభై ఉపవాస దినాల్లో మేము కలం పట్టం, ఉత్తరాలు అందుకోం. అక్క కన్యాస్త్రీ అన్న సంగతి మర్చిపోయి ఆ రోజులన్నీ ఏడ్చావన్నమాట. నీ రెండు ఉత్తరాలూ పెద్దమ్మగారు ఇవాళే చేతికిచ్చారు.

అయితే కోపం రాలేదనుకోకు. ఇవాళ ఉదయమంతా వచ్చింది. పొడి పొట్లం విప్పి చూశాను. అన్నాళ్ళు నేను చేసిన పని పిడికెడు ఎర్రటి మట్టి. ఏడుపొచ్చింది, తర్వాత తుమ్మొచ్చింది, అంతా పోతుందేమోనని హడలిపోయి మూసేశాను. నాన్న బంగారం మీద గుద్దే ముద్రలున్న డబ్బాలోనే పెట్టాను. పూలముద్ర, నక్షత్రం, చుక్కల ముద్ర, అన్నీ ఉన్నాయి. చిన్నాన్నకు తెలియకుండా నేను మఠానికి తెచ్చుకున్న ఆస్తి అదే.

పళ్ళెం పరీక్ష చేశాం. బీచే "నేను పరిశుద్ధురాలినయ్యానా? ఇంకా కాలేదా?" అని అడుగుతూ తల అటూ ఇటూ తిప్పింది. పళ్ళెం కోడిగుడ్డులా సాగింది, పూర్తిగా తిప్పితే ఒట్టి గీత అయింది. నువ్వన్నది నిజం. నాకు మాత్రం నచ్చలేదు. నేనొక అడుగు పక్కకు వేస్తే సన్నబడిపోయే పవిత్రత ఏం పవిత్రత? ఇందాక సాయంత్రం ప్రార్థనలో ఇంకో మాట తోచింది. సన్నబడింది పళ్ళెం కాదు, నా చూపు. నువ్వు బహుశా అదే వేస్తున్నావు, దేవుణ్ణి కాకుండా మన చూపును. అది తప్పో ఒప్పో ఇంకా తేల్చుకోలేదు.

పెద్దమ్మగారికి బంగారం లేదన్న సంగతి చెప్పేశాను. "ఇప్పుడే తూరాకి కబురు పెడతాను" అని లేచారు. "పండుగదాకా ఆగుతానని మాటిచ్చారు" అన్నాను. "నీ తమ్ముడి కోసం నాతో ఎన్నాళ్ళు పోట్లాడతావే?" అన్నారు. "మీరు ఒప్పుకునేదాకా అమ్మగారూ" అన్నాను. వారం రోజులు గిన్నెలు తోమమని శిక్ష వేశారు. తోముతున్నాను.

నువ్వు వేస్తూ ఉండు.

అక్క.


సియెనా, జూలై, పండుగ అయిన మూడోనాడు

మేయో,

బొమ్మ నిలబడలేదు. మెల్లగా చెప్పడం నాకు చేతకావడం లేదు.

మోసుకొచ్చినవాళ్ళు తిన్నగా గుళ్ళోకి తీసుకెళ్ళారు. మఠం లోపలికి రానేలేదు, నేను చూడనే లేదు. పండుగనాడు ప్రార్థనలో నాకు కనిపించింది పలక వెనకవైపు, నేను పూసిన తెల్లటి సుద్ద మాత్రమే. మిగతాదంతా చెవులతో చూశాను.

ముందు అడుగుల చప్పుడు, అందరూ దగ్గరికి జరుగుతున్నట్టు. నా గుండె పొంగింది. తర్వాత గుసగుసలు. ఒకావిడ "ఎంత బాగున్నారమ్మా ఇద్దరూ, కానీ నాకెందుకో కళ్ళు తిరుగుతున్నాయి" అంది. ఇంకొకరు "అవునే, పడవెక్కినట్టుంది" అన్నారు. అప్పుడు చిన్నాన్న గొంతు వినపడింది. "అయ్యా, కిటికీ ఇటుంది. వెలుగు ఇటునుంచి వస్తోంది. బొమ్మలో నీడ కూడా ఇటే పడుతోంది! ఫ్లోరెన్స్‌లో సూర్యుడు తనకిష్టమైన చోట పొడుస్తాడు కాబోలు." గుడంతా నవ్వింది. పూజ చేస్తున్న గురువుగారు కూడా దగ్గినట్టు నవ్వారు.

పెద్దమ్మగారు బొమ్మను దింపించారు. నవంబరులో సర్వ పరిశుద్ధుల పండుగలోగా చిన్నాన్నకు అప్పగిస్తారట.

నేను కిటికీ ఎడమవైపని గీశాను. కిటికీ ఎడమవైపే ఉంది. ఇవాళ కూడా చూశాను. నువ్వేం చేశావురా?

అక్క.


ఫ్లోరెన్స్, జూలై

అక్కా,

నేనేం చేశానా? నువ్వు పంపిన బొమ్మ నా ముందుంది. ఎడమవైపు కిటికీ, నీ చేత్తో. నేను దాన్ని దేవుడి వాక్యంలా నమ్మి ఆరు నెలలు పనిచేశాను. చిన్నాన్న కళ్ళకు కిటికీ కుడివైపుంది, ఊరందరికీ కుడివైపుంది, ఇన్నేళ్ళుగా చూస్తున్న నీకొక్కదానికే ఎడమవైపుంది.

ఒకటే అడుగుతాను. బంగారం వద్దన్నానని నా మీద కసితో గీశావా?

గీకెయ్యమను. చిన్నాన్ననే గీకమను, వాడికి సరదా తీరుతుంది. నేను సియెనాకు రాను.

మేయో.


సియెనా, ఆగస్టు, మరియ తల్లి పండుగకు ముందు

మేయో,

నీ ప్రశ్నకు జవాబు కసితో రాసి చింపేశాను. ఇది రెండోది.

దింపిన బొమ్మను లోపలి సామాన్ల గదిలో పెట్టారు. అలా నేను మొదటిసారి దాన్ని చూశాను. ఎలా ఉందో ఇప్పుడు చెప్పను. చెబితే అసలు సంగతి రాయలేను.

నీ వెలుగు ఎడమనుంచి వస్తోంది. నేను గీసింది అదే. వెళ్ళి నా పీటమీద కూర్చున్నాను. ఎడమవైపే కిటికీ. బీచేను పిలిచి "గుళ్ళో జనం ఎక్కడ కూర్చుంటారే?" అన్నాను. "ఎక్కడేమిటి, ఎదురుగా. మనం వాళ్ళ మొహాలు చూడకూడదనేగా ఈ కటకటాలు, ఈ తెర" అంది. ఎదురుగా! బలిపీఠానికి వాళ్ళు అటు, మేము ఇటు. నా ఎడమ వాళ్ళ కుడి. పన్నెండో ఏట ఒక్కసారి ఆ గుళ్ళో జనంవైపునుంచి నడిచి వచ్చాను, అప్పుడు నా కళ్ళు నేలమీదే ఉన్నాయి. ఆ తర్వాత గుడి అంటే నాకు ఈ వైపే.

చూసే మనిషి ఎక్కడ నిలబడ్డాడన్నదే అంతా అని రాశావు. అంత తెలిసినవాడివి, నేను ఎక్కడ కూర్చుని గీస్తున్నానో అడగలేదు. నా పీటమీద కూర్చున్నానని నేనే రాశాను, అది చెప్పవలసిన సంగతని నాకూ తోచలేదు. ఇద్దరికిద్దరం!

ఇప్పుడు విను. ఆ బొమ్మ తప్పు కాదు. అది మా వైపుకు వేసిన బొమ్మ. తిప్పి పెడితే కిటికీ వెలుగు సరిగ్గా నీ వెలుగులో కలుస్తుంది. పొద్దున పాటవేళ సూర్యుడు మా వైపే పడతాడు కూడా.

పెద్దమ్మగారితో చెప్పాను. "మనకెందుకే బొమ్మ? కళ్ళు మూసుకుని ప్రార్థించేవాళ్ళం" అన్నారు. "మరి ఆ పండుగ ఇద్దరు ఆడవాళ్ళదే కదమ్మగారూ. అందరూ చూసి, ఆడవాళ్ళం మనం వెనక చెక్క చూడాలా?" అన్నాను. ఆవిడ జపమాల పక్కన పెట్టారు. చివరికి "అటువైపు జనానికి ఏం చూపిస్తావు, సుద్దా?" అన్నారు. అటువైపుకు నేను బంగారం పెడతాను. సుద్ద ముందే ఉంది. బంగారానికి కుడి ఎడమలు లేవు, ఏ కిటికీ అయినా దానికి ఒకటే. చిన్నాన్నను పిలవక్కర్లేదు. ఆవిడ సరేనన్నారు, ఒక్క షరతు మీద. వేసినవాడు ఒప్పుకోవాలి.

ఒప్పుకుంటే నీ బొమ్మను ఊరు చూడదు. ఒక్క మగవాడూ చూడడు, నీకు పని ఇచ్చేవాళ్ళెవరూ చూడరు. నిన్ను ఇక్కడికి రప్పించుకోవాలన్న నా ఆశ కూడా దాంతోపాటే పోతుంది. నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. గీకడానికి మాత్రం ఎవరికీ ఇవ్వను, నీకు కూడా.

అక్క.


ఫ్లోరెన్స్, సెప్టెంబరు

అక్కా,

కసి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. దాన్నైనా గీకెయ్యి.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఒప్పుకోవాలని లేదు. ఆ బొమ్మ ముందు చిన్నాన్న నోరు తెరుచుకుని నిలబడాలని, ఊరు మెచ్చుకోవాలని నేను ప్రతి గీతలోనూ అనుకున్నాను. ఆ ఒక్క కోరికా నువ్వు కటకటాల వెనక పెట్టి తాళం వేస్తానంటున్నావు.

నిన్న మళ్ళీ నదికి అవతల గుడికి వెళ్ళాను. ఆ అవ్వ ఉంది. అదే చోట, అదే పీటమీద. వేసినవాడెవరో ఆవిడకు తెలియదు. నన్ను గుర్తుపట్టి "ఇవాళ అడ్డం నిలబడకు" అంది. ఆవిడ వెనక నిలబడి, ఆవిడ చూసే చోటునుంచి చూశాను.

తిప్పి పెట్టు. అటువైపు బంగారంలో ఆ పొట్లంలోని పొడి కూడా కలుపు. మెరవకపోయినా ఫరవాలేదు.

ఇకమీదట ఏ గుడికి బొమ్మ వేసినా నేనే వెళ్ళి, చూసేవాళ్ళ చోట నిలబడి వస్తాను. ఎవరి గీతనూ నమ్మను, నీదైనా.

మేయో.


సియెనా, 1428, సర్వ పరిశుద్ధుల పండుగ మర్నాడు

మేయో,

నిలబడింది.

పలక అంచులను రెండు బల్లలమీద ఆనించి, నీ బొమ్మకు కిందనుంచి ఏదీ తగలకుండా పైవైపు బంగారం పెట్టాను. రేకు అంటించడానికి బీచే గుడ్ల తెల్లసొన గిలక్కొట్టింది, "ఇన్ని గుడ్లతో ఎంత అట్టు అయ్యేది" అని ఏడుస్తూ. మధ్యలో బొమ్మేదీ లేదు, చుట్టూ నాన్న పూలముద్రలూ నక్షత్రాలూ. నీ పొడిని జిగురులో కలిపి ఆ నక్షత్రాల గుంటల్లో నింపాను. అవి మెరవవు. బంగారం మధ్య ఎర్రగా, పంటపొలం మట్టిలా ఉన్నాయి. నాన్న చూస్తే ఏమనేవాడో తెలియదు.

నిన్న పొద్దున బొమ్మమీద కప్పిన గుడ్డ తీశారు. మొదట చీకటి. పాట రెండో చరణంలో ఉండగా కిటికీలోంచి వెలుగు వచ్చి మరియ తల్లి చెప్పులమీద పడింది, తర్వాత కొంగుమీద. అక్కడనుంచి అది ఎక్కడ కిటికీ వెలుగో, ఎక్కడ నీ వెలుగో నాకు తెలియలేదు. ఎలిసబెత్తు చెయ్యి నీడలోంచి బయటికి వచ్చింది. పాట ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు. అందరం ఒక్కసారి ఎడమవైపుకు తిరిగి చూశాం, ఎవరో వచ్చినట్టు. పెద్దమ్మగారు కళ్ళు మూసుకోలేదు.

అటువైపు చిన్నాన్న గొంతు వినిపించింది. "ఇదీ పనంటే! మా అన్న చెయ్యి గుర్తొస్తోంది. ఆ ఎర్ర నక్షత్రాలేమిటో గాని, బాగున్నాయి" అంటున్నాడు. ఆ ఎరుపులో నువ్వు గీకింది ఉందని ఆయనకెవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేను, కటకటాలకు ఇవతలున్నాను.

నువ్వు వేసింది నేను ఒప్పుకున్నానా అని అడుగుతావు. నాకింకా అనుమానాలున్నాయి. ప్రార్థనవేళ కళ్ళు బొమ్మమీద ఉంటే మనసు ఎక్కడుందో తేల్చుకోలేకపోతున్నాను. కానీ రేపు పొద్దున పాటకు అందరికంటే ముందు వెళ్ళి కూర్చుంటానని మాత్రం తెలుసు.

ఒకే పలకమీద నీ వీపూ నా వీపూ ఆనుకుని ఉన్నాయి. ఇటువైపుకు నిన్ను రానివ్వరు, అటువైపుకు నేను వెళ్ళలేను. ఒక్కసారి బయల్దేరి రా. పని కోసం కాదు. జనంలో నిలబడి, దీపాలు వెలిగించాక నా బంగారం ఎలా ఉందో చూసి, కాస్త గట్టిగా చెప్పు. కటకటాల వెనకే ఉంటాను, వినపడుతుంది. ఇటువైపు పొద్దు ఎక్కడిదాకా వచ్చిందో నేను నీకు చెబుతాను.

నీ అక్క పియెరా.